చెట్టుకు నంబరుంది

కలెక్టర్ సారుకు,
గీసుకొండ మండలంకెళ్లి
గీత కార్మికుడు బూర గట్టయ్య రాసుకుంటున్న అర్జీ.
ఊరి పేరు కవరు మీద ఉన్నది.
చేతులు బాగనే ఉన్నయి సారూ,
నడుము కిందికే నేను లేను.

నాలుగేండ్ల కింద, ఆరుద్ర కార్తెల,
ఒక తడి పొద్దున
పండుతాడు మీదికెళ్లి జారిన.
ఆ చెట్టుకు నంబరుంది. నూటా పద్దెనిమిది.
రఖం కట్టిన రసీదులు ఇప్పటికీ పెట్టెల ఉన్నయి.
నాకు సుత నంబర్లున్నయి:
సొసైటీ కార్డుది, సదరం సర్టిఫికెట్‌ది,
పింఛను పాసుబుక్కుది,
ఎంజీఎంల మూడు నెలలు పండుకున్న మంచానిది.
నా మూత్రం సంచికి సుత గీతలున్నయి,
ఎన్ని మిల్లీలీటర్లని.

స్వరూపకే ఏ నంబరూ లేదు.

సర్వేకొచ్చిన పిల్లగాడు అడిగిండు,
"ఆమె ఏం పని జేస్తది?"
నేను చెప్పేలోపే రాసుకున్నడు: ఇంట్లనే ఉంటది.
అప్పుడామె పండ్ల నడుమ తువ్వాల కరిసిపట్టి
నన్ను ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు తిప్పుతున్నది.
అబద్ధమైతే కాదు.
మోటరు సుత బాయిలనే ఉంటది,
ఊకెనే ఉన్నదంటమా?

ఇదివరకు ఎనుమాముల మార్కెట్టుకు పోయేది,
మిర్చి తొడిమెలు తీయ.
మాపటికి ఇంటికొస్తే
ఆ ఘాటుకు నేనే తుమ్మేది, ఆమెకు అలవాటు.
కొంగుముడిల ఆనాటి కూలి.
ఇప్పుడా ముడిల నా రాత్రి గోలీలు.

రాత్రి ఎట్ల గడుస్తదో జర రాస్త.
రెండు గంటలకోసారి ఒత్తిగిలి మార్చాలె,
లేకుంటే వీపు పుండయితదని నర్సమ్మ చెప్పింది.
పది, పన్నెండు, రెండు, నాలుగు.
ఫోనుల కోడికూత పెట్టుకున్నది.
మా వాడకట్టుల అర్ధరాత్రి కూసే కోడి మాదే.
నాలుగేండ్ల సంది ఆమె నిద్ర ముక్కలు ముక్కలు,
కలొస్తే అది సుత సగంలనే తెగుతదంట.

ఎక్కినన్నాళ్లు మోకు నన్ను పట్టుకున్నది,
ఒక్కనాడు తప్ప.
ఇప్పుడది దూలానికి వేలాడుతున్నది.
ఆమెనే కట్టింది, నేను పట్టుకొని లేవాలని,
ఆమె నడుముకు సగం బరువన్న తప్పాలని.
ఒకప్పుడు నేను దించిన లొట్టి ఆమె అందుకునేది,
ఇప్పుడు నా సంచి వొంపొస్తది.
మొదట్ల సిగ్గుతోని కండ్లు మూసుకునేటోణ్ని.
"కల్లు కంటె తేలికనే ఉంది తియ్" అన్నదొకనాడు.
ఇద్దరం నవ్వినం.
నవ్వితే నాకు పైసగమే కదులుతది.

మా తమ్ముడంటడు,
పెండ్లాం చేసేదానికి జీతమేంది, సర్కారుకు నవ్వొస్తదని.
సరే.
రేపు ఆమె మంచాన పడితే
నన్ను చూసేటందుకు ఒక మనిషిని పెట్టాలె గదా,
ఆ మనిషి జీతం అడుగుతడు గదా,
అప్పుడు ఎవ్వరికీ నవ్వు రాదు.
పింఛను వస్తున్నది, కాదనను.
అది నన్ను ఒత్తిగిలి తిప్పదు సారూ.

అందుకే అడుగుతున్న,
నా పేరు మీద గాదు, ఆమె పేరు మీద,
ఆమె ఖాతాల.
"దయ" అని ఒక కాడ రాసి కొట్టేసిన,
కనపడితే ఏమనుకోవద్దు.

ఎంతని రాయాలో తెల్వక జాగ విడిచిన.
చదివి వినిపిస్తే పొయ్యికాడికెళ్లే అన్నది,
"మిర్చి కూలి ఎంతనో గంత రాయి.
నెలకొక ఆదివారం సుత రాయి."
ఆదివారం ఎవరిస్తరే?
"నువ్వైతే రాయి. ఇచ్చుడు వాళ్లిష్టం."
ఏం చేస్తవ్ ఆదివారం?
"పండుకుంట."

రాసిన.
సంతకం పెడదామని కలమెత్తితే కోడి కూసింది.
ఆమె వచ్చి, తువ్వాల కరిసి,
నన్ను గోడ దిక్కు తిప్పింది.
కాయితం అవుతలి దిక్కున ఉండిపోయింది.

ప్రజావాణి సోమవారం. ఇంక మూడు దినాలుంది.
సంతకానికి
రెండు గంటలు ఆగాలె.